ఏడు వెదురు సామాన్లు, ఒక ఏసీ హాలు

ఈ కేసులో నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. నాలుగు తరాలుగా వాల్తేరు గాలి పీల్చిన ఒక వెదురు స్టాండును తీసుకెళ్లి ఏసీకి ఎదురుగా పెట్టాను. గోడ రంగు చూసుకున్నాను, కిటికీ వెలుతురు చూసుకున్నాను, గుమ్మంలో అడుగుపెట్టగానే చూపు ఎక్కడ ఆగుతుందో చూసుకున్నాను. గదిలో గాలి ఎంత పొడిగా ఉంటుందో మాత్రం చూసుకోలేదు. పదహారో రోజు రాత్రి ఆ స్టాండు ముందు కాలు ఒక కణుపు నుంచి పై కణుపు దాకా నిలువునా విచ్చుకుంది. "టపాకాయ పేలినట్టు చప్పుడైందండీ. గ్యాస్ సిలిండరేమోనని వంటింట్లోకి పరుగెత్తాం" అని ఆ ఇంటి కోడలు ఫోనులో చెప్పారు.

ఇల్లు విశాఖపట్నంలో. వాల్తేరు అప్‌లాండ్స్‌లోని పాత మేడను బిల్డరుకు ఇచ్చేసి, సముద్రానికి ఎదురుగా తొమ్మిదో అంతస్తులో ఫ్లాటు తీసుకున్నారు. ఇంటి పెద్ద మామ్మగారు. వయసు ఎనభై దాటింది. ఆమె మామగారి తండ్రి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనిచేశారట. ఆ రైల్వే ప్రధాన కార్యాలయం కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఉండేది. పనిమీద అక్కడికి వెళ్లినప్పుడల్లా దొరల ఇళ్ల సామాను వేలంలో ఏదో ఒకటి కొని రైల్లో వేసుకొచ్చేవారని ఇంట్లో చెప్పుకుంటారు. అలా వచ్చినవి, తరువాత తరాలవాళ్లు చేర్చినవి కలిసి ఏడు. కొత్త ఫ్లాటులో ఈ ఏడింటికీ చోటు చూపించాలి. అదీ నాకు అప్పగించిన పని.

మొదటి రోజు నేను గోడల కొలతలు తీయలేదు. ప్రతి సామానునూ తిరగేసి టార్చిలైటుతో కాళ్ల అడుగుభాగం చూశాను. నా దగ్గర పనికి చేరే పిల్లలకు మొదట నేర్పేది ఇదే. వెదురు బోలుగా ఉంటుంది, కణుపు దగ్గర మాత్రం అడ్డుపొర ఉంటుంది. బెత్తం కాలి చివర చూస్తే లోపలంతా నిండుగా, సూదిబెజ్జాలతో స్పంజిలా కనిపిస్తుంది. ఆ రెండూ కాకుండా చెక్క చారలు కనిపిస్తే అది వెదురులా చెక్కిన కొయ్య. ఇంకో గుర్తు కణుపుల మధ్య దూరం. చెట్టు మీద పెరిగిన కణుపులు ఎప్పుడూ సమదూరంలో ఉండవు, వడ్రంగి చెక్కినవి స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. బొటనవేలంత లావుగా ఉండి చేతులు రెండు గుండ్రంగా వంగిన కుర్చీ కనిపిస్తే, అది వెదురు కాదు, బెత్తమే అని తొంభై పాళ్లు దూరం నుంచే చెప్పవచ్చు. బెత్తాన్ని ఆవిరి పట్టి ఎటు కావాలంటే అటు వంచుతారు. వెదురు సామాను ఎక్కువగా నిలువు గీతలు, అడ్డ గీతలే.

ఇంట్లో అందరూ "వెదురు సామాన్లు" అని పిలిచే ఆ ఏడింటిలో నాలుగే వెదురు అని తేలింది. నల్లని లక్క పలకలున్న అంతస్తుల స్టాండు, అద్దం ఉన్న టోపీల స్టాండు, మూడు కాళ్ల గుండ్రటి టీ బల్ల, మడత తెర. రెండు చేతుల కుర్చీలు బెత్తంవి, 1970లలో కొన్నవి. పుస్తకాల అర టేకు. దానికి వెదురు వేషం వేసి, కణుపుల దగ్గర గోధుమరంగు చుక్కలు కూడా పెట్టారు.

ఆ అర నకిలీదని చెప్పగానే కోడలు ముఖం చిన్నబోయింది. నకిలీ వెదురుకు వెదురు కంటే పెద్ద వంశవృక్షమే ఉందని చెప్పాను. ఇంగ్లండులో బ్రైటన్ ఊళ్లోని రాజభవనం రాయల్ పెవిలియన్‌ను 1815 నుంచి జాన్ నాష్ అనే వాస్తుశిల్పి చేత తిరిగి కట్టించిన ప్రిన్స్ రీజెంట్ (రాజు బదులు పాలించిన యువరాజు), అక్కడి పొడవాటి వసారాలో చైనా నుంచి వచ్చిన అసలు వెదురు సామాను పక్కనే బీచ్ అనే చెట్టు కొయ్యను వెదురులా చెక్కిన కుర్చీలు పెట్టించుకున్నాడు. అక్కడి మెట్లు పోత ఇనుపవి. వాటికీ వెదురు రూపమే ఇచ్చారు. రాజుగారు సరదాపడి చేయించుకున్న మోసం మన ఇంటికి వస్తే చిన్నతనం ఏముంది? ఇంతకీ ఈ కేసులో చివరికి నన్ను ఆదుకున్నది ఈ నకిలీ అరే. ఆ సంగతి తరువాత.

లక్క పలకల స్టాండు మిగతా అన్నిటికంటే పెద్దది. 1853లో అమెరికా నౌకాదళాధికారి పెర్రీ ఓడలు జపాన్ తీరానికి వచ్చాక ఆ దేశపు వస్తువులు పడమటికి వెళ్లడం మొదలైంది. 1862 లండన్ ప్రదర్శనలో జపాన్ కళావస్తువులను చూసినవాళ్లకు పిచ్చి పట్టింది. 1870ల నుంచి బర్మింగ్‌హామ్, లండన్‌లోని కార్ఖానాలు గెడలను, లక్క పలకలను తూర్పు దేశాల నుంచి తెప్పించుకుని తామే స్టాండులు, బల్లలు కట్టసాగాయి. మన స్టాండు ఆ బాణీదే. గెడల మీద పులిమచ్చల్లా నల్లని మరకలున్నాయి. అవి మురికి కాదు. పైతొక్కను మంటతో కాల్చి కావాలని తెప్పించిన అందం. పాలిషు పెట్టేవాడి చేతికి ఇలాంటివి ఇస్తే మొదట ఉప్పుకాగితంతో ఆ మచ్చలనే గీకేస్తాడు. అందుకే పాత వెదురు విషయంలో నా మొదటి షరతు, ఉప్పుకాగితం ఇంట్లోకి రాకూడదు, వార్నిషు డబ్బా మూత తీయకూడదు. మెత్తని కుంచె, ఆరీ ఆరని గుడ్డ చాలు. లక్క పలకలకు ఆ గుడ్డ కూడా పిండి పిండి వాడాలి.

లక్క అంటే గుర్తొచ్చింది. ఆ స్టాండు మీద మామ్మగారు ఏటికొప్పాక బొమ్మలు పెట్టుకున్నారు. కొంగ బొమ్మ గీసిన జపాన్ పలక మీద మన అంకుడుకర్ర బొమ్మలు. రెండింటినీ లక్క అనే అంటాం గానీ ఒకటి చెట్టు పాలు, ఇంకొకటి పురుగు ఇచ్చేది. వాటిని అక్కడి నుంచి తీయమని ఏ డిజైనరైనా చెబుతారేమో, నేను చెప్పలేదు.

టోపీల స్టాండు కథ వేరు. దానికి మందంగా తెల్ల ఎనామిల్ పూసి ఉంది. ఇంట్లో పెళ్లికి మామ్మగారే వేయించారట. వెదురు పైతొక్కలో మైనం, ఇసుకరాయిలో ఉండే సిలికా ఉంటాయి కాబట్టి రంగు దానిమీద పట్టు దొరక్క పొరలా కూర్చుంటుంది. జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో కాస్త వేడిగాలి కొట్టి ప్లాస్టిక్ బద్దతో తోస్తే అరటితొక్కలా ఊడివచ్చింది. కొయ్య అయితే ఈ భోగం ఉండేది కాదు. ఒక కాలు బయటపడేసరికి కింద అవే పులిమచ్చలు. మామ్మగారిని పిలిచి చూపించి, మిగతాది తీయమంటారా అని అడిగాను. కాసేపు చేత్తో తడిమి చూశారు. "తెల్లది నాది. ఇది మా అత్తగారిది. తియ్యి, చూద్దాం" అన్నారు.

టీ బల్లకు పుచ్చు పట్టింది. కింద నల్ల కాగితం పరిచి వారం ఉంచితే మూడుచోట్ల పసుపుపచ్చని పిండి రాలింది. బెజ్జం ఉన్నంత మాత్రాన పురుగు ఉన్నట్టు కాదు, అవి ఎప్పటివో అయి ఉండవచ్చు. కొత్తగా పిండి రాలితేనే లోపల పురుగు బతికి ఉన్నట్టు. వెదురులో ఉండే పిండిపదార్థమే దాని తిండి. మేదర వీధి నుంచి వచ్చిన పెద్దాయన అమావాస్య ముందు కొట్టిన బొంగుకు పుచ్చు రాదని తన తాత మాటగా చెప్పాడు. చంద్రుడి సంగతి అటుంచి, కొట్టిన బొంగులను చెరువులో కొన్ని వారాలు నానబెట్టే పాత అలవాటుకు మాత్రం కారణం స్పష్టం, పిండి నీళ్లలోకి దిగిపోతుంది. వందేళ్ల బల్లను చెరువులో వేయలేం కదా. మ్యూజియాల వాళ్లు చేసే పద్ధతి పట్టాను. బల్లను మందపాటి పాలిథిన్‌లో చుట్టి, గాలి తీసేసి, అతుకులు మూసి, సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువన రెండు వారాలు ఉంచాలి. విశాఖలో అంత చల్లని గది ఎక్కడ ఉంటుంది? రొయ్యలు ఎగుమతి చేసేవాళ్ల గిడ్డంగిలో. తెలిసినవాళ్లను బతిమాలి రొయ్యల పెట్టెల మధ్య ఒక మూల సంపాదించాను. బయటికి తెచ్చాక మాత్రం ఆత్రపడకూడదు. ఒక రోజంతా చుట్టు విప్పకుండా గది వేడికి రానివ్వాలి. ముందే విప్పితే చల్లటి వెదురు మీద మంచునీరు చేరుతుంది. లక్క పలకలున్న స్టాండును నేను ఈ పద్ధతికి పంపను, లక్కపొర చలికి బీటలు వారవచ్చు. అదృష్టవశాత్తు దానికి పుచ్చు లేదు. బల్ల తిరిగి వచ్చాక బెజ్జాల్లోకి, కాళ్ల చివర్లోకి బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లు సిరంజితో ఎక్కించాం. వెదురు పైన పూసిన మందు లోపలికి దిగదు. కోసిన చివరల నుంచి, బెజ్జాల నుంచి పంపాల్సిందే.

మడత తెర అడుగున జానెడు ఎత్తున గోధుమరంగు చార ఒకటి ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మేడలోకి చేరిన నీటి గుర్తు. చట్రం గట్టిగానే ఉంది, గుడ్డ బూజు పట్టి పోయింది. పొందూరు ఖద్దరు బిగించాం. సూర్యుడు వెనక నుంచి పడితే ఆ నేతలోని హెచ్చుతగ్గులన్నీ కనిపిస్తాయి, తెరకు అంతకంటే ఏం కావాలి? చారను ఏం చేయాలని నా దగ్గర పనిచేసే కుర్రాడు అడిగితే ఉంచేయమన్నాను.

ఇక అమరిక. మొదటి ప్రయత్నంలో నాకు ఆశ ఎక్కువైంది. ఏడింటినీ హాలులోనే పెట్టాను. విడివిడిగా ఏడూ బాగున్నాయి, కలిపి చూస్తే కేరళలో పడవెక్కే చోట ఉండే రిసార్టు ముందుగదిలా ఉంది. వెదురుకు ఒక గుణం ఉంది. దానివన్నీ సన్నని గీతలు, మధ్యలో ఖాళీలు. పక్కపక్కన మూడు చేరితే ఏ గీత దేనిదో తెలియని చిక్కు. దానికి తోడు కోడలు కొన్న దిండ్ల మీద పెద్ద పెద్ద ఆకులు. వెదురు పక్కన ఆకుల అచ్చు పెట్టాలన్న ఆలోచన అందరికీ ఎందుకు వస్తుందో నాకు ఈనాటికీ అర్థం కాదు. వెదురు పక్కన కావలసింది బరువు. మామ్మగారి పుట్టింటి నుంచి వచ్చిన టేకు దివాణం మంచం ఒకటి బాల్కనీలో పాత పేపర్ల కింద పడి ఉంది. దాన్ని హాలుకు తెచ్చి, రెండు కుర్చీలు, టీ బల్ల మాత్రం దగ్గర ఉంచి, నేలకు వరంగల్ జంపఖానా పరిచేసరికి గదికి ఊపిరి వచ్చింది. దిండ్లకు చారలు లేని మంగళగిరి నూలు గుడ్డ. లక్క స్టాండు హాలు పొడవాటి గోడకు, సరిగ్గా ఏసీ ఎదురుగా. అక్కడ ఉంచి ఫొటోలు కూడా తీసుకుని సంతోషంగా ఇంటికి వెళ్లాను.

పదహారు రోజుల తరువాత ఫోను వచ్చింది.

మరునాడు తేమ కొలిచే మీటరు పట్టుకుని వెళ్లాను. మొదటి రోజే తీసుకెళ్లాల్సింది. కిటికీలు తెరిచి ఉంటే హాలులో డెబ్బై ఆరు శాతం. ఏసీ వేసిన రెండు గంటలకు యాభై. అంటే ఆ స్టాండు రోజూ సాయంత్రం ఒక ఊళ్లో, పొద్దున ఇంకో ఊళ్లో బతుకుతోంది. బొంగు ఎండితే పొడవు తగ్గదు, చుట్టుకొలత తగ్గుతుంది. బయటి వైపు నార దట్టంగా, లోపలి వైపు మెత్తగా ఉంటుంది, రెండూ ఒకేలా కుంచించుకోవు. కొయ్య పలక అయితే కాస్త వంగి సర్దుకునేది. గొట్టం ఎక్కడికి వంగుతుంది? ఏదో ఒక చోట నిలువునా విచ్చుకుంటుంది. పాత మేడలో ఎత్తయిన కప్పు, రెండు వైపులా తలుపులు, ఏడాది పొడవునా ఒకేలాంటి తేమ గాలి. అక్కడ అది క్షేమంగా ఉండటంలో మా గొప్ప ఏమీ లేదు.

పగిలిన వెంటనే ఎపాక్సీ జిగురు తెచ్చి నింపుదామని కుర్రాడు తొందరపడ్డాడు. నింపితే అది రాయిలా గట్టిపడుతుంది. మళ్లీ తేమ చేరి బొంగు ఉబ్బినప్పుడు ఆ రాయి పక్కనే ఇంకో చీలిక వస్తుంది. స్టాండును ఏసీ లేని వంటింటి దారిలోకి మార్చి, నెల రోజులు ఎవరూ ముట్టుకోవద్దన్నాను. వానలు మొదలయ్యాయి. నెల తిరిగేసరికి చీలిక మూడింట రెండు వంతులు దానంతట అదే మూసుకుంది. అప్పుడు మేదరి పెద్దాయన వచ్చాడు. కాలి అడుగు నుంచి లోపలికి చూస్తే కర్ర మేకు కనిపించింది. ఈ రకం సామానులో బోలు గెడల చివర్లలోకి కర్రముక్కలు దిగగొట్టి, జిగురు పెట్టి అతికేవారు. ఆ ముక్క పుచ్చిపోయింది. దాని బదులు లోపల బోలు దాదాపు ఉండని సాధనపు వెదురు ముక్క చెక్కి దించాడు. అతుకుకు సరేసు కాచాడు. పశువుల తోలు, ఎముకల జిగురు అది. రేపు ఎవరైనా మళ్లీ విప్పాలనుకుంటే వెచ్చని నీటి తడికి ఊడివస్తుంది, ఇప్పటి జిగుళ్లు రావు. ఆ పైన నానబెట్టిన బెత్తం తొక్క చీలికను కణుపు కింద పదకొండు చుట్లు చుట్టాడు. ఆరేకొద్దీ అది బిగుసుకుంటుంది. మేకులు కొడదామా అని కోడలు అడిగితే, ఆయన తల కూడా ఎత్తకుండా "వెదురుకు ఇనుము శత్రువమ్మా" అన్నాడు. సముద్రం ఒడ్డున ఆ మాట ఇంకా నిజం. ఉప్పుగాలికి మేకు తుప్పు పట్టి, ఆ నల్లమరక గెడలోకి దిగుతుంది. బెజ్జం వేయకుండా కొడితే గెడ చీలడం ఎలాగూ ఉంది.

ఆ తరువాత ఇల్లంతా మళ్లీ సర్దాను. ఈసారి అందం లెక్క రెండోది, మీటరు లెక్క మొదటిది. ఏసీ పడకగదిలోకి వెళ్లగలిగినది ఒక్కటే, టేకుతో చేసిన నకిలీ వెదురు అర. ఎండిన టేకు అంత తొందరగా కదలదు. దాంతో హాలు గోడ ఖాళీ అయింది, ఆ ఖాళీయే హాలుకు కావలసిందని అప్పుడు తెలిసింది. లక్క స్టాండు వంటింటి దారిలోనే ఉండిపోయింది. ఆ ఒక్క గోడకు నీలిమందు రంగు వేయించాను. ఫ్లాట్లలో అందరూ వేసే మీగడ రంగు మీద పాత వెదురు కనిపించకుండా కలిసిపోతుంది, ముదురు నీలం మీద ప్రతి కణుపూ లెక్కపెట్టవచ్చు. టోపీల స్టాండు ముందుగుమ్మం పక్కకు వెళ్లింది. అది పుట్టిందే ఆ చోటు కోసం. టోపీల బదులు ఇప్పుడు గొడుగులు, స్కూటరు తాళాలు, మామ్మగారి చేతికర్ర. మడత తెర భోజనాల బల్ల పక్కన ఇన్వర్టరును దాస్తోంది.

బెత్తం కుర్చీలను బాల్కనీలో వేయాలని మామ్మగారికి పట్టుదల. తూర్పు ముఖం కాబట్టి పొద్దున పది వరకు ఎండ సూటిగా పడుతుంది, తుంపరలో ఉప్పు. వద్దని వాదించి, తలుపుకు లోపలి వైపు వేయించాను. సీటు అల్లిక జోలెలా సాగిపోయి ఉంటే, తిరగేసి అడుగు నుంచి గోరువెచ్చని నీళ్లతో తడిపి రెండు రోజులు నీడలో ఆరబెట్టాం. మళ్లీ బిగిసింది. పైసా ఖర్చు లేని మరమ్మతు ఇదొక్కటే కాబట్టి బిల్లులో రాయడానికి మొహమాటపడ్డాను.

మధ్యలో ఒక చిక్కు. న్యూజెర్సీలో ఉన్న మనవరాలు లక్క స్టాండును తనకు పంపమంది, ఓడ ఖర్చు కూడా కనుక్కుంది. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన కళావస్తువులను, పనితనం ఉన్న వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. ఈ స్టాండు వయసు ఆ గీతకు అవతలే ఉండే అవకాశం ఎక్కువ. కాదని తేల్చుకోవాలన్నా పురావస్తు శాఖ వారి ధ్రువపత్రం కావాలి. ఆ మాట చెబితే ఆ పిల్లకు కోపం వచ్చింది, నేనే కాజేస్తున్నట్టు మాట్లాడింది. అక్కడి చలికాలంలో గది హీటరు వేస్తే తేమ ఎంతకు దిగుతుందో చూసి చెప్పమన్నాను. ముప్పై లోపు అని ఒక ఫొటో పంపింది. ఆ తరువాత ఆ ప్రస్తావన తేలేదు. కుర్చీలు 1970ల నాటివే కదా, అవైనా పంపుతారా అని మాత్రం ఈ మధ్య అడిగింది.

తేమ మీటరును ఆ ఇంట్లోనే వదిలేశాను, స్టాండు రెండో అంతస్తులో ఏటికొప్పాక బొమ్మల మధ్య ఉంటుంది. రోజూ పూజ కాగానే మామ్మగారు దాన్ని చూసి కేలండరు మీద అంకె రాస్తారు. ఆదివారం నాకు ఫోను చేసి వారం అంకెలన్నీ చదువుతారు. డెబ్బై రెండు, డెబ్బై నాలుగు, డెబ్బై ఒకటి. మొన్న ఒక అంకె దగ్గర ఆగారు. "శుక్రవారం యాభై ఎనిమిది ఉందమ్మా. వీళ్లు హాలు తలుపు తీసి పెట్టి ఏసీ వేశారు. అడిగితే లేదంటున్నారు."